ఆషాఢంలో పెండ్లికొడుకు

ఆ రోజుల్లో బందు అంటే బందే. ఇప్పటిలా పొద్దున షట్టరు దించి, పక్క తలుపు సందులోంచి అమ్ముకునే బందు కాదు. (ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే ఫోను చూసుకుంటూ తల ఊపుతారు. వింటున్నారని మనమే అనుకోవాలి.) తొలి తెలంగాణ ఉద్యమం నాడు నేను మానుకోటలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. బడి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా చీరలు చుట్టే పాత పేపర్లలో చదువుకున్నదే. అయినా నినాదాలివ్వడంలో ఏ కాలేజీ విద్యార్థికీ తీసిపోయేవాణ్ణి కాదు. బందు మీద బందు పడి, అరిచి అరిచి గొంతులు పోయిన సమయంలో మా సేటు కొడుక్కి ఒక బుద్ధి పుట్టింది. (మనిషి బొద్దుగా ఉండేవాడు, అందరం బూరె అని పిలిచేవాళ్లం.) మేనమామ జీపు ఖాళీగా ఉంది, వానలు పడ్డాయి, భూపాలపల్లి దిక్కు గుట్టలు పచ్చబడి ఉంటాయి, పొద్దున పోయి సాయంత్రానికి వద్దామన్నాడు.

బందు నాడు రోడ్డెక్కిన బండికి టైర్లలో గాలి ఉండనిచ్చేవారు కాదు. ఆ గాలి తీసేవాళ్లలో మేమూ ఉన్నాం కాబట్టి మాకు బాగా తెలుసు. శవముంటే వదిలేవాళ్లం, నొప్పులు పడే ఆడమనిషి ఉంటే వదిలేవాళ్లం, పెండ్లికొడుకు ఉంటే వదిలేవాళ్లం. శవంగా పడుకోవడానికి నేను, బూరె, దుకాణంలోని మరో ఇద్దరు గుమాస్తాలు, మా నలుగురిలో ఎవరూ ఒప్పుకోలేదు. రెండో వేషానికి బూరె పొట్ట చక్కగా సరిపోయేది గాని మీసం తీయనన్నాడు. ఇక మిగిలింది పెండ్లికొడుకు. "నీకెట్లనో సంబంధం ఖాయమైంది గద, గిప్పటిసంది అలవాటైతది" అని ఆ వేషం నాకు అంటగట్టారు. ఖాయమైన మాట నిజమే. పిల్లను పెద్దవాళ్లు చూసి వచ్చారు, నేను చూడలేదు. వాళ్ల ఊరు ఆ గుట్టల దిక్కే ఎక్కడో ఉందని మాత్రం తెలుసు.

జీపుకు మామిడాకులు కట్టి, బూరె వాళ్ల అన్న పెండ్లినాటి బాసింగం నా నుదుటికి కట్టి బయలుదేరదీశారు. అడ్డం నిలబడ్డ ప్రతిచోటా పోరగాళ్లు నన్ను చూసి పక్కకు జరిగారు. ఒకచోటైతే మేళం లేని పెండ్లేందని జాలిపడి, డప్పు కొట్టి మరీ సాగనంపారు. గుట్టల్లోకి ఎక్కామో లేదో మాకు పిచ్చి ఆనందం పట్టుకుంది. "జై తెలంగాణ" అని మేము అరిస్తే గుట్ట తిరిగి అరిచింది. అరిచినకొద్దీ నవ్వు, నవ్వినకొద్దీ అరుపు. అయితే ఆ బాసింగం నా తలకు పెద్దది. జీపు ఎగిరినప్పుడల్లా జారి కళ్ల మీద పడేది. వాగు జూడు, నెమలి జూడు అని వాళ్లు కేకలు వేసేవారు. నేను బాసింగం పైకి తోసేసరికి వాగూ లేదు, నెమలీ లేదు. తీసేద్దామంటే మలుపు అవతల ఎవరుంటారో తెలియదు.

ఒక మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి ఉంది. బూరె జీపును పక్కనున్న బండ్లబాటలోకి తిప్పాడు. ఆ బాట తిన్నగా ఒక ఊళ్లోకి, దారి మీద బైఠాయించిన జనం నడుమకు తీసుకుపోయింది. తలపాగా చుట్టిన ఒక పెద్దమనిషి లేచి వచ్చి, జీపునంతా పరకాయించి చూసి, నిదానంగా అడిగాడు.

"ఆషాఢంల పెండ్లేందిరా?"

ఆషాఢంలో పెండ్లిళ్లుండవు, గిరాకీ ఉండదని ఆ నెలంతా దుకాణంలో ఈగలు తోలుకునేది మేమే. ఆ మేమే మరిచాం. బూరె తడబడుతూ పిల్లది గుట్ట అవతలి ఊరని చెయ్యి చూపించాడు. పెద్దమనిషి ఒక్క వేలుతో నా బాసింగం పైకెత్తాడు.

"గట్లనా. శ్రావణంల నా బిడ్డను చేసుకుంటనన్న పిలగాడు, ఆషాఢంల గుట్ట అవుతలి పిల్లను చేసుకుంటుండన్నట్టు."

అప్పుడు గుర్తుపట్టాను. నన్ను చూడడానికి ఒకసారి దుకాణానికి వచ్చిన కాబోయే మామ. పెండ్లి నిజమంటే సంబంధం పోతుంది. అబద్ధమంటే, ఆ ఊరి బందుకు పెద్ద అయిన మనిషి ముందు బందు తప్పినవాణ్ణవుతాను.

"పెండ్లి లేదు, ఏం లేదు మామా. గుట్టలు చూద్దామని వచ్చినం."

"బందు నాడా?"

"బందు నాడే."

శిక్ష అక్కడే పడింది. పొద్దుగూకేదాకా వేషం విప్పకుండా అదే దారి మీద కూర్చొని నినాదాలివ్వాలి. ఊరి ఆడవాళ్లు గుంపులు గుంపులుగా వచ్చి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని చూసి పోయారు. ఆఖరికి ఆయన బిడ్డను పిలిచి, నలుగురిలో అడిగాడు. "గిసోంటోన్ని చేసుకుంటవా బిడ్డా, ఒద్దంటవా? నీ ఇష్టం." పిల్ల ముఖం చూద్దామని తల ఎత్తానో లేదో, బాసింగం మళ్లీ కళ్ల మీద పడింది. గొంతు మాత్రం వినిపించింది.

"ఆషాఢం పోయినంక రమ్మను నాయినా. నెత్తికి సరిపోయే బాసింగం కట్టుకొని రమ్మను."

శ్రావణంలో పెండ్లయింది. ఇప్పటికీ ఎవరైనా మా పెండ్లి ఎప్పుడైందని అడిగితే, శ్రావణంలో అని నేను చెప్పేలోపే ఆమె అందుకుంటుంది: "శ్రావణంల వచ్చింది రెండోసారి."