గుడ్లమ్మ లెక్క

మా ఆడపడుచును రేవులో అందరూ గుడ్లమ్మ అంటారు. సముద్రపు చేపల మీద పెద్ద చదువు చదివి, పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేసే మనిషికి ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆమె మొండితనం గురించి చెప్పాలి. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ మాటకొస్తే వాళ్ళ అన్నయ్య, అంటే మా ఆయన, తక్కువేం తినలేదు. ఇద్దరి మధ్యా నలిగింది నేను.

మాకో చేపల పడవ ఉంది. నడిపేది మా ఆయన, కాగితాలు నా పేరున. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు వేట ఆపేస్తారు. మళ్ళీ మొదలైన నెలలో వలలు నిండిపోతాయి. మా ఇల్లు ఏడాదంతా నిలబడేది ఆ నెల మీదే. మా ఆడపడుచు సరిగ్గా దానికే ఎసరు పెట్టింది. చేపలు నిజంగా గుడ్లు పెట్టేది ఆ నెలలోనేననీ, అందుకు గుంపు కడతాయి కనకే అన్ని దొరుకుతున్నాయనీ, విరామాన్ని ఆ నెలకు మార్చకపోతే కొన్నాళ్ళకు వలలో నీళ్ళే మిగులుతాయనీ ఆమె వాదన. ఏటేటా చేప తగ్గుతున్న సంగతి మాకూ తెలుసు. ఒప్పుకోవడానికే నోరు రాదు.

రుజువు కావాలంటే చేపల పొట్టలు కోసి చూడాలి. కొనడానికి ఆఫీసు డబ్బివ్వదు, కొయ్యడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోరు. దాంతో ఈవిడ మార్కెట్లో చేపలు కోసే ఆడవాళ్ళ వరసలో తనూ ఓ కత్తిపీట వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళకు కోసిపెట్టడం, పొట్టలో గుడ్లున్నాయో లేవో రాసుకోవడం, కూలి పక్కావిడ చేతిలో పెట్టడం. పేరు అక్కడే పుట్టింది. ఇంట్లో మాత్రం అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు.

పడవలవాళ్ళు ఒప్పుకుంటేనే విరామం మారుస్తామంది ప్రభుత్వం. దాంతో పడవల సంఘం సమావేశం పెట్టింది. మా ఆయనే అధ్యక్షుడు. పడవకో ఓటు, కాగితాలు ఎవరి పేరునుంటే వాళ్ళు చెయ్యెత్తాలి. ఆమె తెచ్చిన ఫోటోలు చూసి సగం మంది మెత్తబడ్డారు. నేను మాత్రం చెయ్యి ఒళ్ళోంచి తియ్యకూడదనే నిశ్చయించుకుని కూర్చున్నాను. అప్పుడు లేచింది మా ఆడపడుచు.

"నా లెక్క తప్పు. గుడ్లున్న చేప రుచని జనం పొట్ట నొక్కి చూసి మరీ ఏరుకుంటారు. నా కత్తి కిందికి వచ్చినవన్నీ అలా ఏరినవే. నిన్న ఒకావిడ నొక్కుతుంటే చూశాక గానీ నాకు తట్టలేదు. ఈ లెక్క నమ్మి మీరు చెయ్యెత్తొద్దు."

ఆమె వెంట వచ్చిన పై అధికారి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నాకైతే గుండెల మీంచి బరువు దిగింది. దిగినందుకు సిగ్గూ వేసింది.

ఇక వదిలేస్తుందనుకున్నాం. ఇంటికొచ్చి, వచ్చే ఏడు అన్నయ్య పడవ ఎక్కుతానంది. వల పైకి రాగానే, ఏరకముందే ఓ బకెట్ చేప తనకివ్వాలంది. రెండు రోజుల్లో పారిపోతుందన్న ధీమాతో ఆయన సరేనన్నాడు.

అన్నట్టే ఆ ఏడు పడవెక్కింది. ఎక్కిన ప్రతిసారీ కక్కుకుంది. పడవ అంచు పట్టుకుని కక్కేది, నోరు కడుక్కుని మళ్ళీ కత్తి పట్టేది. మా ఆయన ఈ కథ మొదట్లో పడీపడీ నవ్వుతూ చెప్పేవాడు, తర్వాత నవ్వడం మానేశాడు. ఓ రోజు చూస్తే, ఆమె పీట జారకుండా చెక్కకు మేకులు కొడుతున్నాడు.

ఈసారి లెక్క మునుపటంత గొప్పగా రాలేదు. అయినా సగానికి పైగా గుడ్ల చేపలే. మళ్ళీ సమావేశం, మళ్ళీ గోల. పోయినసారి తప్పన్న మనిషి మాట ఇప్పుడెలా నమ్మాలని ఒకాయన నిలదీశాడు. మూలనున్న ముసలి పడవాయన నెమ్మదిగా లేచాడు.

"గెలిచే రోజున తన లెక్క తనే కొట్టేసుకుంది. అందుకే నమ్మాలి."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ నెల పోతే ఏం పోతుందో నాకు తెలుసు: కారే పైకప్పు ఇంకో ఏడాది కారుతుంది, పిల్లదాని ఫీజుకు నా చెవుల కమ్మలు పోతాయి. భయం వేసింది. భయంతోనే చెయ్యెత్తాను. గదిలో అదే మొదటి చెయ్యి. నా వెనకే మా వరస, ఆ తర్వాత ఎదుటి వరస.

బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని, "వదినా, నీ నోటి దగ్గర కూడు లాగేశాను," అంది.

"కూడు సంగతి నేను చూసుకుంటాను. వేట లేకుండా ఆ నెలంతా మీ అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు. అది ఆలోచించావా?"

ఏడుస్తూనే నవ్వింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పెరట్లో కత్తి నూరుకుంటోంది. ఇంకో జాతి చేప సంగతి తేల్చాలట.