కొసరుకొచ్చిన కుక్క

బేరం ఆడుట్ల నేనెంత మొనగాన్నంటే, కందులు కొనేతందుకు బోథ్ దాకా పోయి, ఒక్క రూపాయి గూడ తగ్గించుకోకుండ, కుక్కపిల్లను చంకల పెట్టుకొని వాపసొచ్చిన. గిసొంటి ఘనకార్యం కరీంనగర్ల ఇంకెవరన్న చేసిండ్రేమో నాకు తెల్వది.

మాది కిరాణ దుకాణం. ఏటేటా కందులు తెచ్చే బాపుకు ఆ రోజు జ్వరం, అందుకే నన్ను పంపిండు. రైతు ఇంటి అరుగు మీద కూసొని మధ్యాహ్నం దాకా కొట్లాడిన. ఆయన నవ్వుకుంటనే ఉన్నడు, ధర దించలే. ఆఖరికి, "రేటు రేటే. కొసరు కావాల్నంటే దీన్ని తీస్కపో" అని గంపల కెళ్లి గోధుమరంగు పిల్లను తీసి నా ఒళ్ల పెట్టిండు. కొసరు కాదనే వంశం కాదు మాది.

దుకాణం మీది అర్రనే నా ఆఫీసు. హైదరాబాద్ కంపెనీకి ఇంట్ల కూసొనే కోడ్ రాస్త. పిల్ల వచ్చిన వారంలనే చార్జరు వైరు కొరికింది, బాపు తోలు చెప్పొకటి నమిలింది. మీటింగుల అందరి మాటలూ ఓపికగ వింటది, మా మేనేజర్ నోరు తెరిస్తే మాత్రం మొరుగుతది. నేను అనాల్నని అనలేని మాటలన్నీ అదే అంటున్నట్టుండేది. బాపుకే కంటగింపు.

"పప్పుల వెంట్రుక దొరికితే గిరాకి మల్ల మన గడప తొక్కుతదా? ఇంకా తేవల్సిన కంది బస్తాలకు పోయినప్పుడు ఇచ్చేసి రా."

అప్పటికే అది నా పాదాల మీద పండుకునుడు అలవాటు చేసుకుంది. కాలు కదిలిస్తే లేస్తదని దూపైనా నీళ్లకు లేవకుండ పని చేసిన రోజులున్నయ్. నాకు ఇయ్యబుద్ధి కాలే.

బాపు మనసు మారాల్నంటే దుకాణానికి పనికొచ్చేదేదన్న చెయ్యాలె అనుకున్న. అండ్ల బిల్లు కొట్టే యాప్ నేను రాసిందే. సగం రాసి ఇడిచిపెట్టిన ఆలోచనలైతే నా కాడ బొచ్చెడు: మబ్బు పడితే శనగపిండి ఎక్కువ తెప్పియ్యమని చెప్పేదొకటి, అలిగి రాకుండ పోయిన గిరాకిని యాద్జేసేదొకటి. కుక్కను చూస్తే ఇంకోటి తట్టింది. 'కొసరు' అని ఒక బటన్ పెట్టిన. సామాను కట్టినంక బాపు చేతుల పెట్టే బెల్లం ముక్క, పిడికెడు పుట్నాలు ఇగ బిల్లు మీద అచ్చయితయి, ఎదురుంగ సున్న. మన మంచితనం గిరాకికి కనవడాలె గదా అని నా తెలివి.

మొదటి పొద్దే ఒకామె బిల్లు చదువుకుంట నిలవడ్డది. ఎనుకున్నామె తొంగిచూసింది.

"ఆమెకు పుట్నాలు రాసినవు, నాకు బెల్లమే రాసినవేంది సేటు?"

"నీకు పోయినసారి పుట్నాలే ఇచ్చిన గదమ్మా," అన్నడు బాపు.

"పోయినసారి కాయితం మీద లేకుండె గదా."

ఆమె ఎనుకున్నాయన షుగరు మనిషి. బెల్లం ముట్టడు. అయినా లెక్క ప్రకారం నాది నాకు ఇయ్యమన్నడు. మధ్యాహ్నానికి పుట్నాల డబ్బ ఖాళీ అయింది, ఒక్కరి మొఖంల నవ్వు లేదు.

బాపు అరవలే. కండ్లద్దాలు తుడుచుకుంట అన్నడు, "కొసరు చెయ్యి ఇచ్చేది బిడ్డా. రాస్తే సామానైతది. సామానైతే తూకమడుగుతరు, బాగలేదని వాపస్ తెస్తరు." ఖాళీ డబ్బకు మూత పెట్టుకుంట, "గా బటన్ తీసెయ్. ఆదివారం నేనే బోథ్ వస్త. నువ్వైతే కుక్కను ఇయ్యవు."

ఆదివారం కొండగట్టు గుడి కమాను దాటుతుంటే ఒళ్ల కుక్కను పట్టుకొనే అంజన్నకు మొక్కిన. పుట్టినసంది బేరం కుదరొద్దని మొక్కుడు అదే మొదలు.

బాపు అరుగు మీద కూసొని చాయ్ తాగి, సంగతికొచ్చిండు. "గీ కుక్కను తీస్కో పటేలా. మా దుకాణంల కుదరలే."

రైతు దాని దిక్కు చూసిండు. అది తోక ఊపింది గని నా కాళ్ల సందుల కెళ్లి కదలలే.

"సేటు, నువ్విచ్చిన బెల్లం ముక్కను ఎవరన్న వాపస్ తెస్తే తీస్కుంటవా?"

బాపు నాకు చెప్పిన ధర్మమే ఎదురొచ్చి అరుగు మీద కూసున్నది. నవ్వు ఆపుకునేతందుకు నేను బస్తాల కుట్లు చూసుకుంట నిలవడ్డ.

ఉత్త చేతులతోని లేచే మనిషి కాదు బాపు. "అట్లయితే దాని గిన్నె గూడ ఇయ్యి. మా ఇంట్ల స్టీలు పళ్లెంల తింటున్నది."

రైతు లోపలికి పోయి సొట్టల సత్తుగిన్నె తెచ్చిండు. బాపు దాన్ని వేలితోని కొట్టి చూసి, సంచిల ఏసుకున్నడు.

ఇగ బిల్లు. అబద్ధం లేకుండ చెప్త. కందుల మీద తగ్గింది ఏం లేదు, రెండోసారి గూడ రైతు చెప్పిన రేటే. చార్జరు పోయింది. బాపు తోలు చెప్పు ఒకటి పోయింది. రెండోది ఒక్కటే దేనికీ పనికి రాదు గనుక జత అనే రాసుకోవాలె. బటన్ కోసం రాసిన కోడ్ మొత్తం తుడిచేసిన. వచ్చింది సత్తుగిన్నె ఒక్కటే. కుక్కను ఈ లెక్కల చూపెట్టలే. అది కొసరు, రాయగూడదు.