బాపు ఎడమ చెయ్యి

మా కూలర్ దానంతట అది చెడిపోలేదు. దాని బ్లోయర్ స్క్రూను కూరగాయలు కోసే కత్తి మొనతో వదులు చేసింది నేనే. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దినాం డైరీ రాసే అలవాటున్నదాన్ని, అందులో కూడా రాయలేదు. రాస్తే ఎందుకు చేసిన్నో కూడా రాయాల్సి వస్తది. ఆ ఎండాకాలం ఆ మాట కాగితం మీద పెట్టే ధైర్యం నాకు లేకుండె.

మా బాపు ఆటో నడుపుతడు. పొద్దున కంపెనీలకు పోయే ఆడవాళ్లను భానూర్‌లో ఎక్కించుకొని పటాన్‌చెరులో దింపుతడు. నేనూ అదే ఆటోలో పోత. అక్కడ ఒక మందుల కంపెనీ ప్యాకింగ్‌లో నా పని. వెనక సీట్లో వాళ్లు ముచ్చట్లు పెడుతుంటే నేను మూలకు ఒదిగి పుస్తకం చదువుకుంట. "ఓ పంతులమ్మా, గా పుస్తకంల మా ముచ్చట గూడ ఉన్నదా?" అని ఎక్కిరిస్తరు. నవ్వి ఊరుకుంట.

ఆ మూల నుంచి బాపు చేతులు బాగా కనిపిస్తయి. ఆటోలో క్లచ్ ఎడమ చేతి కింద ఉంటది, గేర్లు కూడా ఆ చేత్తోనే తిప్పాలె. హైవే మీద లారీల వెనక ఆగుకుంట కదులుకుంట పోయేటప్పుడు ఆ చెయ్యికి తీరికే ఉండదు. ఎండలు ముదిరినంక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా బాపు ఆ చెయ్యిని ఒళ్లో పెట్టుకొని వేళ్లు మెల్లగా ముడిచి తెరవడం చూసిన. తర్వాత ఒకనాడు ఇంట్లో ఆ చేతిలోంచి చాయ్ గ్లాసు జారి పడ్డది. "సోయి యాడున్నది?" అని అమ్మ గదమాయించింది. బాపు గాజు ముక్కలను కుడి చేత్తో ఏరిండు.

మా తాతకు పక్షవాతం గిట్లనే మొదలైంది. ఎడమ చేతిలోంచి చెంబు జారింది. ఆ తర్వాత తాత మంచంలోంచి లేవలేదు. అప్పుడు నేను చిన్నపిల్లను. అయినా ఆ చెంబు బండల మీద దొర్లిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

"బాపూ, చెయ్యికి ఏమైంది?" అని అడిగితే అయిపోయేది. అడగలేకపోయిన. మామూలుగానే నాకు మాట బయటికి రాదు. దానికితోడు, అడిగినంక బాపు చెప్పబోయే జవాబుకు భయపడ్డ.

అందుకే కూలర్ జోలికి పోయిన. మాది చిన్న ప్లాస్టిక్ కూలర్. లోపల మామూలు ఫ్యాన్‌కు బదులు గుండ్రటి డబ్బా లాంటి రెక్కల చక్రం ఉంటది, దాన్నే బ్లోయర్ అంటరు. మోటర్ కడ్డీకి దాన్ని ఒక చిన్న స్క్రూ పట్టి ఉంచుతది. అది వదులైతే మోటర్ గుయ్యిమంటది గాని గాలి రాదు. బిగించాలంటే ఎడమ చేతి వేళ్లతో చక్రాన్ని కదలకుండా లేపి పట్టుకొని కుడి చేత్తో తిప్పాలె. ఇంతకుముందు బాపు ఆ పని చేస్తుంటే టార్చి పట్టింది నేనే. ఈసారి కూడా ఆ చెయ్యి చక్రాన్ని పట్టగలిగితే ఇగ భయం లేదనుకున్న.

సాయంత్రం బాపు కూలర్ విప్పిండు. చక్రం లేపి పట్టుకున్నడు. స్క్రూడ్రైవర్ పెట్టేలోపే ఎడమ చేతి వేళ్లు వణికి చక్రం జారి పడ్డది. రెక్కలు విరిగినయి.

"తొవ్వల ఎవ్వల బండి ఆగినా బాగుజేస్తవు. ఇంట్ల కూలర్ కాడికొస్తే గిట్ల పడేస్తవా?" అన్నది అమ్మ.

"ప్లాస్టిక్ పాతగయింది. కొత్త చక్రం తెస్త తీ," అన్నడు బాపు. నా దిక్కు చూడలేదు.

ఉక్కకు నిద్ర పట్టలేదని పొద్దున అమ్మ గొణిగింది. నాకు నిద్ర పట్టనిది ఉక్కకు కాదు.

ఆదివారం ఆటో ఇంటి ముందే ఉంది. వెనక సీట్లో మర్చిపోయిన పుస్తకం కోసం పోయిన. తీసుకొని దిగేటప్పుడు ఎందుకో ముందు సీట్లో, బాపు కూర్చునే చోట కూర్చున్న. ఎడమ చేత్తో క్లచ్ పట్టి చూసిన. రాలేదు. గట్టిగా గుంజితే సగం దాకా వచ్చి గరగరమని ఆగింది. రెండు చేతులూ పెడితే గాని పూర్తిగా రాలేదు. వదిలినంక చూసుకుంటే అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. వేళ్లు వణుకుతున్నయి. అచ్చం బాపు వేళ్ల లెక్క.

"బాపూ!" అని పిలిచిన. నేను అంత గట్టిగా పిలవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. అమ్మ కూడా వంటింట్లోంచి ఉరికొచ్చింది.

"క్లచ్ గింత గట్టిగ ఉంటదా?"

"పాత బండి బిడ్డా. గట్లనే ఉంటది."

"మొదటి సంది గిట్లనే ఉండెనా?"

బాపు తనూ పట్టి చూసిండు, ఎవరిదో బండి చూస్తున్నట్టు. అది దినాం ఇంత గట్టిపడుకుంట వచ్చింది. చెయ్యి దానికి అలవాటు పడుకుంట పోయింది. ఎప్పుడు మారిందో ఆయనకే తెలియదు.

మెకానిక్ షాపుకు పోయినప్పుడు నేను ఆటో దిగను. ఆ రోజు దిగి నిలబడ్డ. అనుకున్నట్టే బాపు, "జెర ఆయిల్ ఏసియ్యి, చాలు," అన్నడు.

"ఆయిల్ వద్దు. క్లచ్ కేబుల్ మార్చున్రి," అన్న.

"ఓ, నీ బిడ్డకు మాటలొస్తయా అన్నా? ఇన్నేండ్లల్ల ఇయ్యాలనే ఇంటున్న," అన్నడు మెకానిక్. ఆ మీదట క్లచ్ పట్టి చూసిండు. "ఇది క్లచ్చా, బాయిల నీళ్లు చేదుడా?"

ఆటోకు ఇంజన్ వెనక ఉంటది కాబట్టి క్లచ్‌ను దానికి కలిపే కేబుల్ బండి అడుగు నుంచి పొడుగ్గా పోతది. మెకానిక్ పాతదాన్ని ఊరికే గుంజెయ్యలేదు. దాని చివరకు కొత్తది కట్టి అప్పుడు గుంజిండు. పాతది బయటికి వస్తుంటే కొత్తది అదే దారిలో లోపలికి పోయింది. హ్యాండిల్ దగ్గర వంపు తిరిగే చోట పాతదాని తొడుగు పగిలి, నీళ్లు దిగి, లోపలి తీగ తుప్పు పట్టింది. సన్న పోగులు సగం తెగి ముళ్లలా లేచి ఉన్నయి.

"ఇప్పుడు పట్టు అన్నా," అన్నడు మెకానిక్.

బాపు అలవాటు కొద్దీ పండ్లు బిగించి గుంజిండు. క్లచ్ టక్కున వచ్చి హ్యాండిల్‌కు కొట్టుకుంది. బాపు ఉలిక్కిపడ్డడు.

"రెండు వేళ్లు చాలు. కుస్తీ ఏంది దానితోని?" అని మెకానిక్ ఒకటే నవ్వు.

బాపు రెండు వేళ్లతో పట్టిండు. వదిలిండు. మళ్లీ పట్టిండు. చాలాసేపు అదే పని.

తిరిగి వస్తుంటే వెనక సీట్లో నేనొక్కదాన్నే. పక్క షాపులో కొన్న బ్లోయర్ చక్రం నా ఒళ్లో ఉంది. బాపు వెనక్కి తిరగకుండనే అన్నడు: "నాకు గూడ మా నాయిన చెంబే యాదికొచ్చింది."

నేను మొఖం పక్కకు తిప్పి గాలికి పెట్టిన. ఇన్ని దినాలు ఒకే భయాన్ని ఇద్దరం ఒకే ఆటోలో మోసుకొని తిరిగినమన్నమాట, ఒకరికొకరం చెప్పుకోకుండ.

అయినా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. బాపు కూడా వెంటనే కూలర్ ముట్టలేదు. "జెర చెయ్యిని ఊకుండనియ్యి," అన్నడు. అమ్మ పాత క్యాలెండర్ అట్టతో విసురుకుంట ఇద్దర్నీ తిట్టింది. సిగ్నళ్ల దగ్గర బాపు వేళ్లు ముడిచి తెరవడం తగ్గింది. తర్వాత ఆ సంగతే మర్చిపోయిండు. ఒక సాయంత్రం చాయ్ గ్లాసును ఎడమ చేత్తోనే అందుకున్నడు. తాగి గ్లాసు పక్కన పెట్టి కూలర్‌ను ముందుకు జరిపిండు.

"టార్చి పట్టు."

ఎడమ చేతి వేళ్లు కొత్త చక్రాన్ని లేపి పట్టుకున్నయి. వణకలేదు. వణికింది నా టార్చి వెలుగే. చక్రంతో పాటు వచ్చిన కొత్త స్క్రూ బిగించి, బాపు వేలితో దాన్ని తిప్పిండు. ఎక్కడా తగలకుండా తిరిగింది. స్విచ్ వెయ్యంగనే తడి గడ్డి వాసనతో చల్లగాలి వచ్చింది. అమ్మ తిట్లు ఆపి కూలర్ ముందరనే కూలబడ్డది.

బాపు పాత స్క్రూను అరచేతిలో వేసుకొని నా టార్చి ముందు పెట్టిండు. దాని గాడి అంచులు కత్తితో చెక్కినట్టు లేచి ఉన్నయి. అమ్మకు వినపడకుండా నా దిక్కు వంగిండు.

"మల్ల ఎప్పుడన్న నా చెయ్యి సూడాలనిపిస్తే అడుగు బిడ్డా. కూలర్ ఇప్పకు."