ఘోరాల ఆర్డిస్

ఆర్డిస్ బ్రెకె గారికి ఈ లోకంలో ప్రతిదీ ఘోరమే.

మనబోటి వాళ్ళకు ఏడాదికి ఒకటో అరో ఘోరాలు ఎదురవుతాయి. ఆవిడకు పొద్దున కాఫీ చల్లారేలోపే నాలుగైదు తగులుతాయి. చెయ్యి గుండె మీద పడుతుంది. కళ్ళు గుమ్మాలంత అవుతాయి. ఊపిరి ఒక్క ఉదుటున లోపలికి పోతుంది. ఆ చప్పుడుకే పక్కవాళ్ళ చేతుల్లో కప్పులు తొణుకుతాయి. ఆ తర్వాత వస్తుంది మాట: "ఘోరం!"

పాస్టరుగారు ప్రసంగం త్వరగా ముగిస్తే ఘోరం. ముగించకపోతే అంతకన్నా ఘోరం. ఎవరో గుడ్డు మీద కెచప్ వేసుకుంటే ఘోరం. మాది ఉత్తర విస్కాన్సిన్. ఏడాదిలో సగం మంచు కిందే ఉంటాం. అలాంటి ఊళ్ళో జనవరి నెలలో కిటికీ తెర తీసి "మంచు! ఘోరం!" అని అరిచే మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ భర్త ఓలాఫ్ గారు బతికున్నన్నాళ్ళూ ఒక మాట చెప్పేవాడు: "పెళ్ళి చేసుకుందామా అని అడిగితే ఘోరం అంది. సరేనన్నట్టే లెక్కేసుకుని ఉంగరం తొడిగేశాను. ఇప్పటిదాకా కాదనలేదు."

ఇలాంటి మనిషిని పట్టుకుని మా సంతమైదానం వాళ్ళు తనిఖీ ఉద్యోగంలో పెట్టారు.

ఏటా ఆగస్టులో పశువుల సంత అయిపోతే ఆ మైదానంలో పశువుల కొట్టం ఖాళీ. అక్టోబరు వచ్చేసరికి ఊళ్ళోవాళ్ళు తమ ట్రైలర్లను తెచ్చి అందులో దాచుకుంటారు. వేసవంతా సరస్సుల చుట్టూ తిప్పుకున్న చక్రాల ఇళ్ళు అవి. చలికాలం ఆవుల జాగాలో తలదాచుకుంటాయి. గోడలకు ఇంకా "మేలుజాతి పెయ్య, మొదటి బహుమతి" రిబ్బన్లు వేలాడుతుంటాయి. ఈ బండ్లకు ఒక మీట ఉంటుంది. అది నొక్కితే గోడలో ఒక ముక్క సోఫాతో, భోజనబల్లతో సహా బల్లసొరుగులా బయటికి జరుగుతుంది. దాన్ని స్లైడ్ అంటారు. స్లైడ్ తెరిస్తే అది ఇల్లు. మూస్తే లోపల మనిషి పక్కకు తిరిగే వీలుండదు. కొట్టంలో బండికీ బండికీ మధ్య జానెడు సందు కాబట్టి స్లైడ్లన్నీ మూసి తీరాలి. ముందొచ్చినవాడు గోడవారకు, ఆఖరున వచ్చినవాడు తలుపు దగ్గరకు. తలుపుకు తాళం పడిందంటే మళ్ళీ వసంతంలోనే తీసేది.

ఆ బండ్లను ట్రాక్టరుతో లోపలికి నెట్టడం నా పని. నా పేరు కెంట్. నాకు యాభై దాటాయి గానీ, ఆర్డిస్ గారికి నేను "అబ్బాయ్"నే.

ఆవిడ ఒప్పుకుంటేనే బండి లోపలికి కదలాలి. గొట్టాల్లో నీళ్ళు తీసేసి, గడ్డకట్టని గులాబీ రంగు మందు పోశారా? ఎలుకలు దూరకుండా నేలలో కన్నాలకు ఉక్కుపీచు కూరారా? తిండి అంతా ఖాళీ చేశారా? ఒకసారి మా మందులషాపు మెర్లిన్ బండిలో దూరింది. చెవులు చిల్లులు పడేలా కేక.

"ఇదేంటి?"

"కిస్మిస్ పండండీ."

"కిస్మిసా! చలికాలమంతా! మంచం పక్కనే! ఘోరం!"

"ఒక్కటే కదండీ, ఆర్డిస్ గారూ."

"ఒక్కటే! వింటున్నావా అబ్బాయ్, ఒక్కటేనట! ఎలుకలకు కబురు వెళ్ళడానికి ఎన్ని కావాలి మరి?"

మెర్లిన్ ఆ పండును అక్కడికక్కడే నోట్లో వేసుకున్నాడు. అది ఎన్నాళ్ళదో ఎవరికీ తెలీదు. ఆవిడకు అదో ఘోరం.

ఇంకో ఏడు ఆరిన్ తాతగారు కట్టుడు పళ్ళు తలగడ పక్కన మర్చిపోయి, స్లైడ్ మూసేశాడు. మూసిన స్లైడ్ పడకగది తలుపుకు అడ్డం. అది మళ్ళీ తెరవాలంటే పక్కబండి జరగాలి, పక్కబండి జరగాలంటే దాని ముందు బండి జరగాలి, దాని ముందు సగం కౌంటీ బండ్లున్నాయి. ఆర్డిస్ గారు అతని గుమ్మంలో నిలబడి "పళ్ళు! పడకగదిలో! ఘోరం!" అని వీధంతా వినబడేలా తిట్టింది. మర్నాటి నుంచి వసంతం దాకా ప్రతి మధ్యాహ్నం గిన్నెలో మెత్తగా మెదిపిన బంగాళాదుంపలు పట్టుకెళ్ళి మళ్ళీ తిట్టింది. తాతగారు దుంపలూ తిట్లూ కలిపి మింగేవాడు.

ఇంచుమించు ప్రతి అక్టోబరులోనూ ఎవరిదో ఒక బండి తనిఖీలో పూర్తిగా తప్పేది. లోపల్నించి "ఎలుక!" అని కేక. ఆవిడ తోక పట్టుకుని దాన్ని బయటికి తెచ్చి, అందరికీ దూరం నుంచి చూపించి, కోటు జేబులో కుక్కేసేది. "ఎలుక పట్టిన బండి నా కొట్టంలోకి రాదు!" ఇక ఆ బండి ఆవిడ ఇంటి పక్కకే. శుద్ధి చెయ్యాలట. ఊరంతా ఆ బండివాళ్ళ మీద జాలిపడేది.

నాకు ఒక్క సంగతే అంతుబట్టేది కాదు. ఒకనాడు కొట్టంలో నిజం ఎలుక ఒకటి ఆవిడ బూటు మీదుగా పరిగెత్తింది. నేను చెవులు మూసుకున్నాను. ఏ చప్పుడూ రాలేదు. ఆవిడ వంగి దాన్ని తన ఉన్ని చేతితొడుగులోకి తోలి, "చలేసిందా తల్లీ?" అని, తీసుకెళ్ళి గడ్డివామి దగ్గర వదిలి వచ్చింది.

"అరవలేదేంటండీ?" అన్నాను.

"ఎందుకరవాలి? అది ఎలుక. దాని పని అది చూసుకుంటోంది."

కిస్మిస్‌కి గుండె ఆగే మనిషి!

ఇక లైల్ కుబియాక్ సంగతి. వాడు పాలబండి నడిపేవాడు. చిన్నప్పుడు చర్చి ఆదివారం బడిలో ఆర్డిస్ గారే వాడికి పాఠం చెప్పింది. ఆ చనువుతో ఊళ్ళో ఆవిడను ఆటపట్టించే హక్కు వాడు రాయించుకున్నట్టే ఉండేవాడు. ఆ ఏడు డెయిరీ మూతపడింది. వాడుండే ఇల్లు డెయిరీ వాళ్ళదే, అదీ పోయింది. వేసవంతా సరస్సు పక్క క్యాంపు మైదానంలో ట్రైలర్‌లో ఉన్నాడు. చలి మొదలవగానే క్యాంపు వాళ్ళు నీళ్ళు కట్టేసి గేటుకు తాళం వేశారు. "మంచిదే! నేను ఆరిజోనాకు పోతున్నా," అని లైల్ కాఫీ కొట్టులో ప్రకటించాడు. అక్కడ చలికాలంలోనూ ఎండే. మేమందరం ఈర్ష్యపడ్డాం.

తనిఖీ రోజున వరసలో ఆఖరున వచ్చాడు. వెంట డచెస్ అనే లావుపాటి ముసలి కుక్క.

"ఏం ఘోరాలమ్మా! ఇవాళ ఎన్ని పండాయి?"

"నీ టోపీ ఒక్కటే పది ఘోరాల పెట్టురా. ఎప్పుడైనా ఉతికావా?"

"ఉతికితే మా జట్టు పోయిన సీజను గెలుపులన్నీ కొట్టుకుపోవూ! త్వరగా చూసి వదిలెయ్యండి. మా బాబాయి కొడుకు అక్కడ నారింజచెట్టు కింద నాకోసం కుర్చీ వేసుంచాడు."

ఆవిడ లోపలికెళ్ళింది. స్లైడ్ గొళ్ళెం చూద్దామని నేనూ వెనకే తల దూర్చాను. కిటికీలన్నిటికీ చలిగాలి దూరకుండా ప్లాస్టిక్ కాగితం బిగించి ఉంది. మంచం మీద ఉన్ని దుప్పట్లు. తలుపు వెనక కొత్త మంచుపార. ఆరిజోనాకు పోయేవాడికి ఇవన్నీ ఎందుకో నా బుర్రకు తట్టలేదు. ట్రాక్టరువాడి బుర్ర అది. ముందున్న గోడను చూస్తుంది, వెనక కట్టిన బండిని చూస్తుంది.

ఆర్డిస్ గారు కిటికీలోంచి, బండిని లాక్కొచ్చిన లైల్ ట్రక్కు వైపు చూస్తోంది. డ్రైవరు సీటు మీద ఒక తలగడ. పక్కన మడత పెట్టిన కుక్క దుప్పటి. ఆవిడ చూపు ఆ తలగడ మీంచి మంచుపార మీదికి వచ్చింది, మళ్ళీ తలగడ మీదికి వెళ్ళింది.

తర్వాత ఊపిరి లోపలికి పోయింది. కొట్టం కప్పు మీద పావురాలన్నీ లేచిపోయాయి.

"ఎలుక!"

తోక పట్టుకుని బయటికొచ్చింది. వరసలో వాళ్ళంతా వెనక్కి గెంతారు.

"నా బండిలోనా!" లైల్ అరిచాడు. "అబద్ధం! పొద్దున్నే ఊడ్చాను!"

"మరిది ఆకాశంలోంచి ఊడిపడిందా? ఘోరం! ఘోరాతిఘోరం! ఒక ఎలుకంటే ఒకటేనట్రా? దాని వెనక మేనత్తలు, మేనమామలు, పెళ్ళిళ్ళు, బారసాలలు! ఈ బండి నా కొట్టంలోకి రాదు!"

లైల్ మొహంలో నెత్తురు లేదు. "మరి... ఎక్కడ పెట్టుకోను?"

"మా గ్యారేజీ పక్కన. కరెంటు తీగ ఉంది. స్లైడ్లు రెండూ బార్లా తెరిచి ఉంచాలి, లేకపోతే ఆ కంపు పరుపుకు పట్టేస్తుంది. హీటరు పగలూ రాత్రీ నడవాలి, లేకపోతే బూజు. స్లైడ్ల మీద మంచు పేరుకుంటే కప్పు కుంగుతుంది. ఎవరెత్తుతారు? నేనా? ఈ నడుముతోనా?"

"నేను ఆరిజోనా..."

"ఆరిజోనా లేదు, గీరిజోనా లేదు! ఎవడి మంచు వాడే ఎత్తుకోవాలి. వసంతం దాకా ఆ బండి విడిచి కదలడానికి వీల్లేదు!"

"నీళ్ళూ..." వాడి గొంతు చిన్నదైపోయింది.

"ఎలుక తిరిగిన బండిలో స్నానమా! మా కింద గదిలో చెయ్యి. ఆ వాసనతో నా వీధిలో తిరిగితే ఊరుకోను. అందులో వంట చేశావంటే అసలే ఊరుకోను. సాయంత్రం ఆరింటికి నా బల్ల దగ్గర ఉండాలి. ఆలస్యమయ్యావో..."

"ఘోరం," అన్నాడు లైల్.

వాడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "చూశారా! అందరూ చూశారా! ఈవిడ నా ఆరిజోనాను లాగేసుకుంది!" అని మైదానమంతా మార్మోగేలా అరిచాడు. అరుస్తుంటే బిగుసుకున్న భుజాలు మాత్రం మెల్లగా కిందికి దిగాయి. టోపీ తీసుకోవడానికి వంగినవాడు, ఒక టోపీకి అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపే వంగి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే డచెస్ ఆ లావుతో ఎలా ఎగిరిందో ఎగిరి, ఆర్డిస్ గారి చేతిలో ఎలుకను లాక్కుని ట్రాక్టరు వెనక్కి పరిగెత్తింది. నేను వెంటపడ్డాను. అది కాసేపు నమిలి, నచ్చక, నా బూట్ల దగ్గర ఉమ్మేసింది.

బూడిదరంగు ఉన్నిగుడ్డ. రెండు గుండీలు కళ్ళు. బూటుతాడు తోక. ఊడిపోతే మళ్ళీ మళ్ళీ కుట్టిన గుర్తులు.

తలెత్తేసరికి ఎదురుగా ఆర్డిస్ గారు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి గుండె మీద పడింది.

"ఘోరం," అన్నాను.

"అరవకు. అది జేబులో పెట్టుకో. మాట నోట్లో పెట్టుకో. బండి తగిలించు."

దారి పొడుగునా నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బడి వంటావిడ బండి ఎలుకకు తప్పింది, మొగుడు వదిలేసిన ఏడు. ఆస్పత్రిలో తుడిచే అతని బండి తప్పింది, ఇల్లు కాలిన ఏడు. అన్నీ ఆ గ్యారేజీ పక్కనే, స్లైడ్లు బార్లా తెరుచుకుని, కిటికీల్లో దీపాలతో చలికాలం గడిపాయి. మేం జాలిపడ్డాం, పాపం ఎలుకలని!

ఆ చలికాలమంతా కాఫీ కొట్టులో లైల్ ఏడుపే ఏడుపు. "ఈపాటికి నారింజచెట్టు కింద కాళ్ళు చాపుకుని ఉండేవాణ్ణి," అనేవాడు. అంటూ, ఆవిడ వంటకు పెరిగిన పొట్ట పట్టేలా బెల్టుకు కొత్త కన్నం వేసుకునేవాడు. తన స్లైడ్ల మీద మంచే కాదు, ఆవిడ వాకిలి, పక్కవాళ్ళ వాకిలి, వీధి చివర దాకా ఎత్తేసేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే, "ఏం చెయ్యను, నా ఖర్మ," అనేవాడు.

వసంతంలో వాడికి రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపే పని దొరికింది. దాణా కొట్టు మీద గది అద్దెకు తీసుకున్నాడు. మళ్ళీ అక్టోబరులో ట్రైలర్ తెచ్చి వరసలో నిలబెట్టాడు.

ఆ రోజు వరసలో వాడి ముందు ఒక కొత్త జంట ఉంది. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. "చలికాలం మా అత్తగారింట్లోనేనండీ," అని ఆ అబ్బాయి ఎవరూ అడగకుండానే అందరికీ చెప్తున్నాడు. మరీ హుషారుగా చెప్తున్నాడు. ఆర్డిస్ గారు వాళ్ళ బండిలోకి వెళ్ళింది. నేను ట్రాక్టరు ఆపి చూస్తున్నాను.

ఆవిడకు వారం రోజులుగా జలుబు. గొంతు పూర్తిగా పోయింది.

చేతిలో కొత్త ఎలుకతో గుమ్మంలోకి వచ్చింది. గుండె మీద చెయ్యి పడింది. కళ్ళు గుమ్మాలయ్యాయి. నోరు తెరుచుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పిల్లి తుమ్మినంత. ఎవరూ తిరిగి చూడలేదు. ఆ అబ్బాయి అప్పటికే స్లైడ్ మీట మీద చెయ్యి వేశాడు. అది మూసుకుందంటే, అత్తగారిల్లు ఉన్నా లేకపోయినా, వాళ్ళు అత్తగారింటికి పోవాల్సిందే.

ఆవిడ నా వైపు చూసింది. నేను కేక పెట్టాను గానీ, నా కేక "క్షమించాలి" అన్నట్టు వచ్చింది.

అప్పుడు లైల్ కదిలాడు. గబగబా ఆవిడను దాటుకుని బండెక్కాడు. కొట్టం కప్పు మీద పావురాలన్నీ లేచిపోయాయి.

"ఎలుక! ఘోరం! ఘోరాతిఘోరం! మేనత్తలు! మేనమామలు! బారసాలలు!"

వరసంతా వెనక్కి గెంతింది. ఆ అబ్బాయి చెయ్యి మీట మీంచి జారిపోయింది. "ఏదండీ? ఎక్కడ?"

"ఆవిడ చేతిలో చూడు! ఈ బండి కొట్టంలోకి రాదు. ఆవిడ ఇంటికి పోవాలి. స్లైడ్లు బార్లా తెరవాలి. వంట చెయ్యకూడదు. సాయంత్రం ఆరింటికి బల్ల దగ్గరుండాలి. నా ఆరిజోనా పోయింది, మీ అత్తగారిల్లూ పోయింది, అంతే!"

ఆ అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని బండి మెట్టు మీద కూర్చుంది. ఆ భుజాలు కూడా మెల్లగా కిందికి దిగాయి.

లైల్ కిందికి దిగుతూ ఆర్డిస్ గారి పక్కన ఆగి, గొంతు తగ్గించాడు. "ఘోరాలమ్మా, ఈసారి దాన్ని కుక్కకు అందనివ్వకండి. పోయిన ఏడు డచెస్ పళ్ళలోంచి ఉన్ని పోగులు లాగలేక చచ్చాను."

ఆవిడ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఆవిడ నిజంగా నిర్ఘాంతపోవడం ఆ ఒక్కసారే చూశాను. దానికి చప్పుడు లేదు. పెదవులు మాత్రం ఆడాయి. ఏమన్నాయో చెప్పక్కర్లేదు.

నేను ఆ బండిని తగిలించుకుని, ట్రాక్టరును ఆవిడ ఇంటివైపు తిప్పాను.