మీసాల చేపలకు మెత్తని ఇసుక

అందరూ బాబాయి అని పిలిచే ఆ సెలూను యజమాని, కుర్చీలో కూర్చున్నవాడి చెంపను వేలి వెనకతో ఒకసారి తడమందే కత్తి పట్టడు. అద్దం పక్కన గాజుతొట్టెలో ఆయనకు ఆరు చిన్న చేపలున్నాయి. అవి అడుగునే తిరుగుతూ, మీసాలతో నేలంతా తడుముకుని తిండి వెతుక్కుంటాయి. తొట్టె అందంగా ఉంటుందని కిందటి నెల నీలం గాజురాళ్లు కొని, సంచి విప్పి నేరుగా గుమ్మరించాడు. అప్పటినుంచి చేపల మీసాలు అరిగి మొండిదేలాయి. ఒకటైతే తిండే మానేసింది. నీళ్లు మార్చాడు, మందు వేశాడు. లాభం లేకపోయింది. "రోజూ ఊళ్లో మీసాలన్నీ కత్తిరిస్తావు, వీటి మీసాలకేనా ఇంత బెంగ?" అని వేళాకోళమాడింది భోజనం తెచ్చిన భార్య. ఆయన నవ్వలేదు. ఆమె తొట్టెలో చెయ్యిపెట్టి గుప్పెడు రాళ్లు తీసి, "ఏమయ్యా, ఇవి నీ చెంపకి రుద్దుకో చూద్దాం" అంది. రుద్దుకున్నాడు. చురుక్కుమంది. "నా బుద్ధి గడ్డి తింది" అన్నాడు.

ఆ రోజే రాళ్లన్నీ తీసేసి, సన్నటి ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడిగి పరిచాడు. మూడు వారాల తర్వాత ఒక పెద్దమనిషికి గడ్డం గీస్తుంటే బాబాయి చెయ్యి ఆగిపోయింది. "ఒక్క నిమిషం, ఏమనుకోకండి" అని తొట్టె దగ్గరికి వెళ్లి వంగాడు. తిండి మానేసిన చేప ఇసుకలో మూతి దూర్చి మేస్తోంది. ఆ మూతి పక్కన వెంట్రుకంత మీసం మొలిచింది. సగం నురగ ముఖంతోనే పెద్దమనిషి లేచి వచ్చి తొంగిచూశాడు. "అవునండోయ్, మొలిచింది!" అన్నాడు. బాబాయి హమ్మయ్య అంటూ కత్తి పక్కన పెట్టి, ఆయన ఖాళీ చేసిన కుర్చీలో తనే చతికిలబడ్డాడు.