అరుగుతున్న కొసలు

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం ఆత్మకూరు బస్సులో, తల నెరిసి ముఖమంతా ముడతలు పడ్డ మనిషి నిలబడి ఉంటే పక్కకు జరిగి, “కూర్చో తాతా” అన్నాను.

కూర్చున్నాక మెల్లగా చెప్పాడు. “నాకు ఇరవై ఆరేండ్లే. అమ్మతోని దవాఖానకు పోతె ఆమెను నా బిడ్డ అనుకుంటరు.”

ఎందుకిట్లా అయిందని అడిగాను.

“ఒంట్ల కణాలుంటయి గద. వాటిల క్రోమోజోములని దారాల లెక్క ఉంటయట. వాటి కొసలు పాడుగాకుండ టెలోమియర్లని మూతల లెక్క ఉండి కాపాడుతయట. కణం రెండైనప్పుడల్ల అవి జరంత అరుగుతయట, అందరికీ. నాకు జల్ది అరుగుతున్నయని పట్నం డాక్టరు చెప్పిండు. మందు లేదన్నడు.”

తర్వాత, “నిన్ను అక్కా అని పిలువచ్చా? నా తోటోళ్లు గూడ నన్ను తాత అనే అంటరు” అన్నాడు.

“పిలువు తమ్మీ” అన్నాను.

ఇక ఊరుకోలేదు. “అక్కా, ఎండ తగులుతాందా? అక్కా, నీళ్లు తాగుతవా?” అవసరం లేకపోయినా ప్రతి మాటకూ అక్కా అన్నాడు. తన స్టేజీలో దిగాక కూడా, బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడి, “పోయిరా అక్కా” అన్నాడు.

నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.