తిరగేసినా కదలని షాంపూ

సత్యలక్ష్మికి పల్చటిదేదీ కిట్టదు. ఫిల్మ్‌నగర్‌లో ముప్ఫై ఏళ్లు హీరోయిన్లకు జడలల్లి, ఇప్పుడు ఇంట్లోనే షాంపూలు తయారుచేస్తోంది. ఆమెకు మజ్జిగైనా సరే, గరిటెజారుగా ఉండాలి. ఓ దర్శకుడు కథ వినిపించి ఎలా ఉందని అడిగితే, "బాగుందండీ, కాస్త సెల్యులోజ్ పడాలి" అందట.

సెల్యులోజంటే షాంపూని చిక్కబరిచే తెల్లపొడి. నీళ్లు తిప్పుతూ కొద్దికొద్దిగా చల్లి, గంటసేపు ఆగాలి. సత్యలక్ష్మికి అంత ఓపికేదీ? పది నిమిషాలకోసారి "ఇంకో చెంచా!" అంటూ వేసేస్తుంది. గంటయ్యేసరికి గిన్నెలో గరిటె నిటారుగా నిలబడుతుంది.

దాన్ని సీసాలకెత్తి తెలిసినవాళ్లందరికీ పంచే పని, ఆమె దగ్గరే జడలల్లడం నేర్చుకున్న వందనది.

"అక్కా, గిది సీసాలకు ఎట్ల పోతది?"

"కూరు."

"బయటికెట్ల వస్తది?"

"అది వాడేవాళ్లు చూసుకుంటార్లే."

మొన్న జూబ్లీహిల్స్‌లో హీరోయిన్ తలంటుకునే సీనుకు వందన ఆ షాంపూనే తీసుకెళ్లింది. మూడు బకెట్ల నీళ్లు పోసినా వదల్లేదు. "ఇది షాంపూనా, పోస్టర్లంటించే మైదాపిండా?" అని అక్కడి దర్శకుడు చిందులేశాడు. వందనను ఇక రావద్దన్నారు.

వందన కోపంగా ఇంటికి వెళ్లేసరికి సత్యలక్ష్మి సీసాల సంచితో ఆటో ఎక్కుతోంది. వందనా ఎక్కి దారంతా ఆమెను కడిగేసింది. సత్యలక్ష్మి ఆటోలోంచే షూటింగు మేనేజరుకు ఫోన్ చేసింది. "షాంపూ నాదండీ, తప్పూ నాదే. రేపు వందన వస్తుంది. హీరోయిన్‌గారి తల నేనే వచ్చి శుభ్రం చేస్తాను."

ఆటో బోరబండలో నీలమ్మ ఇంటి ముందు ఆగింది. నీలమ్మ ఒకప్పుడు సత్యలక్ష్మితో కలిసి పనిచేసింది. పక్షవాతం వచ్చి తగ్గినా చేతులు వణుకుతూనే ఉన్నాయి. సీసాలోంచి ఓ ముద్ద అరచేతిలో వేసుకుంది. చెయ్యి వణికింది, ముద్ద కదల్లేదు.

"నీళ్లసొంటిదైతే చేతిల నిలవకపోయేది బిడ్డా, కండ్లల్ల కారేది. కోడలితోని తలంటించుకోవాలంటే సిగ్గాయె. గిప్పుడు నా తల నేనే రుద్దుకుంటున్న."

"మరి వదులుతదా అవ్వా?"

"జరసేపు కడగాలె. నాకేమన్న షూటింగున్నదా?"

వందన కోపం సగం దిగింది. "ఈమె కోసం చేసినదాన్ని మా అందరికీ ఎందుకు అంటగట్టినవక్కా?"

సత్యలక్ష్మి మొహం పక్కకు తిప్పుకుంది. "కొత్త సరుకు కదే. నీలమ్మకి ఉన్నదే నాలుగు వెంట్రుకలు. ఊడితే ముందు మీవి ఊడతాయిలే అనుకున్నాను."

వందన గబుక్కున తన జడ తడిమి చూసుకుంది.